ఊరి పేరు లేని వార్త

కృపారాణికి పర్యావరణం మీద రాయాలని ఆశ. తిరుపతి ఆఫీసులో ఆమెకు దొరికింది మాత్రం మొక్కలు నాటే ఫొటోల కింద పేర్లు రాసే పని.

జర్నలిజం ఎం.ఏ. చివరి ఏడాది పిల్లలు ఆరు వారాలు ఏదో ఒక పత్రికలో పనిచేయాలి. తమ పేరుతో అచ్చయిన వ్యాసం ఒకటి తెచ్చి చూపిస్తేగానీ మార్కులు పడవు. క్లాసులో తక్కినవాళ్ళు సినిమాలనీ, క్రికెట్ అనీ, రాజకీయాలనీ ఎగబడితే ఈమె ఒక్కతే పర్యావరణమని రాసిచ్చింది. ఎండలు పెరిగాయి, నీళ్ళు తగ్గాయి అని ఆరు వారాలూ అదే రాస్తావా అని స్నేహితురాళ్ళు ఆటపట్టించారు. జూన్ మొదటి వారంలో ఒక దినపత్రిక ఆఫీసులో చేరిందో లేదో, పర్యావరణ దినోత్సవం వచ్చి నెత్తిన పడింది. నలభై ఊళ్ళ నుంచి నలభై ఫొటోలు. ప్రతి ఫొటోలో ఒక మొక్క, దాని చుట్టూ పద్నాలుగు మంది. ఆ పద్నాలుగు పేర్లూ హోదా తప్పకుండా వరసగా రాయాలి. మొక్క బతికిందా అని అడిగే నాథుడు లేడు గానీ, తన పేరు ఎందుకు పడలేదని అడిగేవాళ్ళు మాత్రం తెల్లారకముందే ఫోన్ చేస్తారు.

డెస్కుకు పెద్ద దామోదరం. ముప్పై ఏళ్ళుగా జిల్లా వార్తలు దిద్ది దిద్ది, చేతికి పెళ్ళి పత్రిక ఇచ్చినా ఎర్రపెన్ను తీసే మనిషి. మొదటిరోజే కృపారాణిని పక్కన కూర్చోబెట్టుకుని పాఠం చెప్పాడు. వార్త ఊరి పేరుతో మొదలవ్వాలి, దాన్నే డేట్‌లైన్ అంటారు. తర్వాత మనిషి పేరు, ఆ తర్వాత వయసు. ఈ మూడూ లేని వార్తను జనం కట్టుకథ కింద లెక్కేస్తారు. ఆ మూడూ సరిగ్గా పడితే మాత్రం, ఆ కాగితం ముక్కను ఇరవై ఏళ్ళు బీరువాలో దాచుకుంటారు. కృపారాణి ఆ పాఠం పుస్తకంలో రాసుకుని కింద గీత కూడా గీసుకుంది. పాపం, తర్వాత అదే తన మెడకు చుట్టుకుంటుందని ఆమెకేం తెలుసు.

మూడు వారాలు పేర్లు రాసి రాసి విసుగొచ్చాక, ఆదివారం జిల్లా పేజీలో సగం పేజీ ఇస్తాను, నీ ఇష్టం వచ్చింది రాసుకో అన్నాడు దామోదరం. దేని మీద రాయాలో చెప్పింది కృపారాణి తల్లి గ్రేసీ. ఆమె చిత్తూరులో ఉంటూ చుట్టుపక్కల పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తగా తిరుగుతుంది. తను వెళ్ళే ఒక పల్లెలో, దుక్కి దున్నేటప్పుడు ట్రాక్టరు ముందు నడిచే ముసలామె ఒకామె ఉందనీ, దారిలో కనపడిన తాబేళ్ళను ఏరి పక్కన పెడుతుందనీ, ఊరంతా ఆమెను చూసి నవ్వుతారనీ చెప్పింది. కృపారాణి మర్నాడే బస్సెక్కింది. ఆ ఊరు చిత్తూరుకు ఏ దిక్కున ఉందో నేను చెప్పను. ఎందుకు చెప్పనో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఆ ముసలామె పేరు అలివేలమ్మ. అరవై ఏడేళ్ళు. భర్త పోయి ఆరేళ్ళయింది, పిల్లలు లేరు. గుట్ట కింద వేరుశనగ చేను. చేనుకు గుట్టకు నడుమ అర ఎకరం, తంగేడూ బలుసూ కమ్ముకున్న బీడు. తొలి వానలు పడగానే ఆ పొదల్లో నుంచి నక్షత్ర తాబేళ్ళు చేనిలోకి దిగుతాయి. నల్లటి డిప్ప మీద పసుపుపచ్చ గీతలు ముగ్గు పెట్టినట్టు ఉంటాయి. పూర్వం ఆ ఊళ్ళో నాగలికి తాబేలు అడ్డొస్తే ఆ పూటకు ఎడ్లను విప్పేసేవారట. ఇంటి ఆడమనిషి వచ్చి దాని డిప్పకు పసుపు బొట్టు పెట్టి గట్టు అవతల వదిలితేగానీ మళ్ళీ మడక కట్టేవారు కాదు. ట్రాక్టర్లు వచ్చాక ఆ ఆచారానికి తీరిక లేకుండా పోయింది. అలివేలమ్మ ఒక్కతే వదల్లేదు. చేతిలో కర్ర, కొంగున పసుపు పొట్లం పెట్టుకుని ట్రాక్టరు ముందు నడుస్తుంది. వెనక డ్రైవరు గొణుగుతూ రెండు గంటల పని నాలుగు గంటలు చేస్తాడు. ఈ ఏడు పదకొండింటిని వదిలిందట. కృపారాణి కళ్ళ ముందే పన్నెండోది దొరికింది. అలివేలమ్మ దాన్ని కృపారాణి అరచేతిలో పెడితే, అది తల లోపలికి లాక్కుని, కాసేపటికి ఒక కన్ను బయటపెట్టి చూసింది. ఆ క్షణాన కృపారాణికి పట్టిన సంతోషం ఇంతా అంతా కాదు.

కానీ ఆ బీడుకు గండం ఉంది. పొలం ఇంకా ఉమ్మడిది. అలివేలమ్మ బావ, అంటే భర్త అన్న దేవరాజులు, ఆ పొదలు చదును చేసి మామిడి పెట్టాలని ఏడాదిగా అంటున్నాడు. పోయినేడు ఆ పొదల్లో నుంచే రక్తపింజరి వచ్చి ఆయన పాడి ఆవును కరిచింది. చెడ్డవాడు కాడు. కాయలు ఒలిస్తే మొదటి మూట మరదలి ఇంటికే పంపుతాడు. కాకపోతే తాబేళ్ళ కోసం నేల వదలడమంటే ఆయన లెక్కలో పిచ్చి. ఆ వచ్చే సోమవారానికి జేసీబీ మాట్లాడేశాడు.

బయల్దేరబోతుంటే అలివేలమ్మ కృపారాణి చెయ్యి పట్టుకుంది.

"పాపా, నా పేరు రాయి. మా ఊరి పేరు గూడా రాయి. మా బావ ఎవరి మాటా వినడు గానీ, పేపర్లో పడిన దానికి ఎదురు చెప్పడు. కాఫీ అంగడికాడ రోజూ పేపరు సదివేది ఆయనే. నా పేరు ఆయన నోటితో సదివినాడంటే, ఇంక ఆ బీడు జోలికి రాడు."

కృపారాణి ఆమె చేతిలో చెయ్యి వేసి మాటిచ్చింది. ఇంటర్న్‌షిప్‌లో మార్కులు రావడం సరే, తను రాసిన వార్తతో ఒక బీడు నిలబడుతుందంటే అంతకన్నా ఏం కావాలి? బస్సులో కూర్చున్నాక ఆ ఉత్సాహం పట్టలేక ఒక పని చేసింది. అరచేతిలో తాబేలు, వెనక గుట్ట ఉన్న ఫొటోను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి, "ఇది ఏ ఊరి గుట్టో చెప్పుకోండి చూద్దాం, జవాబు ఆదివారం పేపర్లో" అని రాసింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, మొదటి వ్యాసం. తప్పని తట్టలేదు. రాత్రికల్లా తొమ్మిది మంది తొమ్మిది ఊళ్ళు చెప్పారు. ఒక్కటీ సరైంది కాదు. అందరికీ నవ్వుతూ తప్పు తప్పు అని జవాబిచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మర్యాదగల గొంతు, మాటలో అరవం యాస. మీ స్టేటస్ మా ఫ్రెండు పంపాడు మేడం అన్నాడు. మా మామ అంగడిలో ఒక జత పెట్టుకుంటే కలిసొస్తుందని ఎవరో చెప్పారు, ఎన్ని ఉంటాయక్కడ, ఏ ఊరు అని అడిగాడు.  కృపారాణి నాకు తెలియదని చెప్పి పెట్టేయబోతే, అతను తొణక్కుండా ఒక మాట అన్నాడు.

"పర్వాలేదు మేడం. ఎట్లాగూ ఆదివారం పేపర్లో వేస్తారు కదా. అప్పుడు చూసుకుంటాం."

ఆమె స్టేటస్ తీసేసింది. రెండుసార్లు తప్పు నొక్కి మూడోసారి తీసింది. తర్వాత నేరుగా దామోదరం దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పేసింది. దాస్తే ఇంకా పెద్ద తప్పవుతుందనే బుద్ధి ఆ పిల్లకు ఉండడం ఒక అదృష్టం. ఆయన ఎర్రపెన్ను కింద పెట్టి విన్నాడు. తిడతాడనుకుంది, తిట్టలేదు. పాతికేళ్ళ కిందట తను ఒక మామిడి తోట గురించి రాసిన సంగతి చెప్పాడు. సాయంత్రం అయితే నెమళ్ళు దిగే తోట అని ఊరి పేరు, రైతు పేరు, దారి గుర్తులతో సహా రాశాడట. నెల తిరిగేసరికి ఆ తోటలో ఒక్క నెమలి మిగల్లేదు. ఆ రైతు ఆఫీసుకు వచ్చి ఏమీ అనకుండా ఎదురుగా కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడట.

"ఊరి పేరు తీసేద్దాం సార్" అంది కృపారాణి.

"తీసేదానికి నాకు ఒక్క నిమిషం చాలు. మాటిచ్చింది నువ్వు. పేరు వేస్తే దొంగలు వస్తారు, వేయకపోతే జేసీబీ వస్తుంది. రెండు పక్కలా నష్టం ఆమెకే. నువ్వూ నేనూ ఈడ కూర్చోని తేల్చేది కాదు. పోయి ఆమెనే అడిగిరా. రేపు నాలుగ్గంటల దాకా పేజీ ఆపుతాను."

శనివారం పొద్దున్నే మొదటి బస్సు పట్టుకుంది. దారి పొడుగునా ఎలా చెప్పాలో అల్లుకుంటూనే ఉంది. తీరా వెళ్ళేసరికి అలివేలమ్మ వాకిట్లో చాప వేసుకుని విత్తనం కాయలు ఒలుస్తోంది. పేపరు వచ్చేసిందా పాపా అని నవ్వు ముఖంతో లేచింది. ఆ నవ్వు చూశాక కృపారాణి అల్లుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. స్టేటస్ పెట్టిన సంగతి, ఫోన్ వచ్చిన సంగతి ఒక్క గుక్కలో చెప్పేసి తల దించుకుంది.

 అలివేలమ్మ ఒలిచిన గింజలు చాటలోకి తోసి, పొట్టు ఊది, మళ్ళీ కూర్చుంది. ముఖంలో కోపం స్పష్టంగా కనిపిస్తోంది.

"నమ్మి నీ చేతిలో పెడితే, తీసుకుపోయి నలుగురికీ సూపించినావా" అంది చివరికి.

కృపారాణికి కన్నీళ్ళు ఆగలేదు. తప్పయింది అవ్వా అంది. అంతకుమించి చెప్పుకోవడానికి ఏమీ లేదు, చెప్పుకోలేదు కూడా. ఏడుస్తూనే చాప అంచున కూర్చుని, తనూ ఒక గుప్పెడు కాయలు తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది. అట్లా ఇద్దరూ కలిసి ఒక శేరు గింజలు ఒలిచారు. అలివేలమ్మ రెండుసార్లు గుట్ట వైపు చూసింది. బావ ఇంటి వైపు ఒకసారి చూసింది.

"నా పేరు సూసుకోని మురిసిపోయే వయసా నాది. తీసెయ్" అంది. "ఊరి పేరు గూడా వద్దు. ఆ ట్రాక్టరు ముందర నడిసేది గూడా తీసెయ్. సుట్టూ పది ఊర్లకు తెలుసు అది నేనేనని. పసుపు బొట్టు సంగతి ఉండనీ. పాత కాలంలో అందరూ పెట్టినారు."

ట్రాక్టరు ముందు నడిచే పేరా వ్యాసం మొత్తానికీ ప్రాణం లాంటిది. రెండు రాత్రులు కూర్చుని రాసింది. కృపారాణి సరేనంది.

"మరి సోమవారం జేసీబీ వస్తే?"

"వస్తాది. అడ్డం కూసుంటానో, ఏడుస్తానో, అప్పుడు సూస్తాంలే. మనుషులతో కొట్లాట నాకు కొత్త కాదు పాపా. గోతాలు తీసుకోని సీకట్లో వచ్చేవాళ్ళతో నేను యాడ కొట్లాడేది?"

ఆ మాటలో ధైర్యం కంటే దిగులే ఎక్కువని కృపారాణికి అర్థమైంది. వెళ్ళేటప్పుడు అలివేలమ్మ లోపలికి పోయి, గిన్నెలో రాగి సంకటి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టి తినిపోమంది. కోపం ఉందిగానీ ఆకలితో పంపే మనిషి కాదు.

ఆదివారం జిల్లా పేజీలో సగం పేజీ వ్యాసం వచ్చింది. ఊరి పేరుండాల్సిన చోట ఏమీ లేదు. తన ముప్పై ఏళ్ళ సర్వీసులో డేట్‌లైన్ లేకుండా వదిలిన మొదటి వార్త ఇదేనని దామోదరం రాత్రే చెప్పాడు. ఫొటోలో గుట్ట లేదు, ఒట్టి అరచెయ్యి, తాబేలు. కింద మాత్రం కృపారాణి పేరు. చిత్తూరులో చర్చి అవ్వగానే తల్లి ఆ పేరు చూసి మురిసిపోయి నలుగురికీ చూపిస్తుంటే, కృపారాణికి ఆ నాలుగు అక్షరాల మీద మమకారం కలగలేదు. ఎవరి పేరు పడాలో వాళ్ళది పడలేదు.

పేపరు సంచిలో పెట్టుకుని మళ్ళీ ఆ పల్లెకు బయల్దేరింది. దారిలో దామోదరం ఫోన్ చేశాడు. పొద్దుటి నుంచి ఫోన్లే ఫోన్లట. ఐరాల నుంచి ఒకాయన అది మా ఊరే కదా అన్నాడట. నగరి నుంచి మగ్గం నేసే ఒకాయన, ఆయమ్మ మా మేనత్తేనని ఒట్టేసి చెప్పాడట. ఒక్క పేరు వేయకపోతే జిల్లా అంతా మాదే మాదే అంటుందని ఇన్నేళ్ళూ నాకు తెలీలేదే అని ఆయన నవ్వాడు. కృపారాణికి నవ్వు రాలేదు. రేపు సోమవారం.

ఊళ్ళోకి వెళ్ళేసరికి కాఫీ అంగడి దగ్గర పదిమంది కూడి ఉన్నారు. దేవరాజులు బల్ల మీద కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, పేపరు మోకాళ్ళ మీద పరిచి గట్టిగా చదువుతున్నాడు. అంగడి పక్క అరుగు మీద అలివేలమ్మ చాటలో కందిబేడలు పోసుకుని రాళ్ళు ఏరుతోంది. ఆమె అక్కడికి వచ్చి కూర్చున్నది కందిబేడల కోసం కాదని ఎవరికైనా తెలుస్తుంది. కృపారాణిని చూసి ఊరికే తల ఊపింది.

ఆయన పసుపు బొట్టు సంగతి చదివాడు. మా అమ్మ గూడా పెట్టేదప్పా అని ఎవరో అన్నారు. తాబేళ్ళు పోతే గింజ మొలిపించేది, పురుగును తినేది ఏముంటుందో చదివాడు. అక్కడి నుంచి ఆ పేరులేని రైతు చెప్పిన మాటకు వచ్చాడు.

"అవి పట్టా అడగవు, పాసుపుస్తకం అడగవు. మనం అడ్డం లేకుంటే సాలు, వాటి బతుకు అవి బతుకుతాయి."

అక్కడ ఆగాడు. ఏడాదిగా బీడు విషయంలో మాటామాటా అనుకున్నప్పుడల్లా మరదలి నోటి నుంచి ఆయన వింటున్న మాట అది. అక్షరం మారలేదు. కళ్ళజోడు పైనుంచి అరుగు వైపు చూశాడు. అలివేలమ్మ తల ఎత్తలేదు. ఆయన గొంతు తగ్గించి చివరి పేరా చదివాడు. పేరు పడితే దొంగలకు దారి చూపినట్టవుతుందని, తన పేరూ ఊరి పేరూ వద్దని ఆ రైతే చెప్పిందని అందులో ఉంది.

"ఇదంతా మన అలివేలమ్మ మాదిరే ఉండాదే" అన్నాడు గుంపులో ఒకడు.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఇన్నాళ్ళూ నవ్విన ముఖాలే అవి. అవునబ్బా, నేనే అని ఒక్క మాట అంటే చాలు, ఏడాది అవమానం తీరిపోతుంది. బావ నోటితో చదివించుకోవాలని ఆశపడిన ముచ్చటా తీరుతుంది. 

"నేనెందుకవుతానబ్బా" అంది అలివేలమ్మ రాళ్ళు ఏరుతూనే. "మా సేన్లో తాంబేళ్ళు యాడుండాయి? ఎప్పుడో పోయినాయి."

మొన్న దుక్కిలో ఆమె పన్నెండింటిని ఎత్తి పెట్టడం చూసిన డ్రైవరు కూడా ఆ గుంపులోనే ఉన్నాడు. వాడు నోరు తెరవబోయాడు. దేవరాజులు పేపరు మడిచి బల్ల మీద గట్టిగా పెట్టాడు.

"అవును. లేవు. మన ఊర్లో నాకు తెలిసి ఒక్క తాంబేలు లేదు. బయటోళ్ళు ఎవరొచ్చి అడిగినా అందరూ అదే మాట చెప్పండి. ఇంకో మాట ఎవరి నోట వచ్చినా నేను ఊరుకోను."

డ్రైవరు నోరు మూసుకున్నాడు. గుంపులో ఒక్కొక్కరికీ విషయం తలకెక్కుతున్నట్టు కనపడింది. లేవులే, యాడుండాయి అని ఒకరిద్దరు గొణిగారు. ఎవరూ నవ్వలేదు. దేవరాజులు జేబులోంచి ఫోన్ తీసి జేసీబీ అతనికి చేశాడు. రేపు రావద్దప్పా, ఆ పని లేదు అన్నాడు. ఎందుకని అవతలివాడు అడిగినట్టుంది, లేదంటే లేదు అని పెట్టేశాడు.

అప్పుడు కృపారాణి వైపు తిరిగాడు. ఆ పేపరమ్మాయి ఈమేనని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేకపోయింది.

"అమ్మా, ఆయమ్మ ఎవురో, ఏ ఊరో నేను అడగను. నీకు యాడన్నా కనపడితే ఒక మాట చెప్పు. ఆయమ్మను పిచ్చిదన్నోళ్ళలో ఒక ముసలోడు, తప్పు తనదేనని చెప్పమన్నాడని చెప్పు."

"చెప్తాను తాతా" అంది కృపారాణి. 

అరుగు మీద చాట ఆగింది. అలివేలమ్మ ఏరి పక్కన పెట్టిన రాళ్ళనే మళ్ళీ కందిబేడల్లో వేసేసుకుని, అది చూసుకోకుండా లేచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంటివైపు నడిచింది.